అవ్వకు ముక్కునైన ఆరు నెలలు

ఆదివారం వచ్చిందంటే మా మిద్దె మీద పొగ. మా అబ్బాయికి ఈమధ్య కాఫీ గింజలు ఇంట్లోనే వేయించుకునే పిచ్చి పట్టింది. బెంగళూరు కంపెనీ ఉద్యోగాన్ని మదనపల్లెలో ఇంట్లో కూర్చునే చేస్తాడు. వారమంతా కంప్యూటర్ ముందు, ఆదివారం మాత్రం ఈ యాగం. చిక్కమగళూరు నుంచి పచ్చి గింజలు పార్శిల్లో తెప్పిస్తాడు. అరచేయంత త్రాసులో తూస్తాడు. కరెంటు మిషన్లో పోసి, సెల్‌ఫోన్ పక్కన పెట్టుకుని, ఏ నిమిషానికి ఎంత వేడి ఉందో రాసుకుంటాడు. ఇంతా చేస్తే దిగేది గుప్పెడు గింజలు. ఇంట్లో ఉన్న ఇద్దరికి రెండు రోజులు కూడా రావు.

టమోటా మార్కెట్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగాక నాకు మిగిలింది మోకాళ్ళ నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట. మిద్దె మెట్లు ఎక్కడం ఎప్పుడో మానేశాను. పోయిన ఆదివారం వాడే ప్లేటులో గింజలు పోసుకుని కిందికి వచ్చాడు.

"మా, వాసన చూడు. సరిపోయిందా, ఇంకొంచేపు ఉంచాల్నా?"

ప్లేటు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "నాకేం తెలుసురా" అన్నాను.

అబద్ధం. అర నిమిషం ముందే దించాల్సింది. పదేళ్ళ వయసులో పుంగనూరులో మా వీధి మొత్తం నా ముక్కును నమ్ముకుని కాఫీ తాగింది. ఆ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు, మా అవ్వకు తప్ప.

వాడు మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు. వాసన మాత్రం మెట్ల మీదే ఉండిపోయింది. ఆ రోజంతా నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. అన్నం కూడా సయించలేదు.

అవ్వంటే మా నాయన తల్లి. మాకు పక్క పల్లెలో మెట్ట పొలం ఉండేది. వాన పడితే చెనిక్కాయలు, పడకపోతే ఆకాశం చూడటం. ఇల్లు మాత్రం పుంగనూరులో. పెంకుటిల్లు, వెనక పెరడు, పెరట్లో మా పొట్టి ఆవు. అది ఇచ్చేవి రెండు చెంబుల పాలే అయినా, వాటితో కలిపిన కాఫీ గ్లాసుకు అంటుకునేంత చిక్కగా ఉండేది. పొద్దున సంగటికి ముందు కాఫీ పడకపోతే మా నాయన ఎవరితోనూ మాట్లాడడు. మా అమ్మ ఆయనతో ఏమైనా అడగాలంటే గ్లాసు ఖాళీ అయ్యేదాకా కాచుకునేది.

పొడి కొనుక్కోవడమనేది మా ఇంట్లో లేదు. మదనపల్లె నుంచి పచ్చి గింజలు మూటగా వచ్చేవి. పచ్చివి ఏడాదైనా చెడవు. వేయించినవే వారానికి పస తగ్గిపోతాయి. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ పెరట్లో కుంపటి రాజేసేది.

వేయించడానికి మా ఇంట్లో ఒక యంత్రం ఉండేది. మా తాత బతికున్నప్పుడు కోలారు గనుల దగ్గర ఏదో దొర ఇల్లు ఖాళీ చేస్తుంటే కొనుక్కొచ్చాడట. అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప డబ్బా, దాని నడుమ నుంచి ఒక కడ్డీ, కడ్డీ కొసన చెక్క పిడి. కింద బొగ్గులు వేసి పిడి తిప్పుతూ ఉండాలి. మూత పడిందంటే లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. నడుమ తెరిచి చూద్దామంటే వేడి చచ్చి గింజ బిగుసుకుపోతుంది. చప్పుడును బట్టి పోల్చుకుందామా అంటే, ఆ డబ్బా గలగలలో పక్కన బండి పోయినా వినపడదు. పొగను చూద్దామంటే పొట్టు కాలి మొదటి నుంచీ పొగే. ఇక మిగిలింది వాసన ఒక్కటే. అందుకే వీధిలో ఇంకెవరూ ఆ పనికి పూనుకోలేదు. అందరూ తమ గింజలు డబ్బాల్లో పోసుకుని అవ్వ దగ్గరికే తెచ్చేవాళ్ళు.

ఒక్కో ఇంటికి ఒక్కో రుచి. ఎదురింటి టీచరమ్మకు లేతగా ఉండాలి. మూలన మిద్దె కట్టుకున్న వాళ్ళకు, వాళ్ళని అందరం మిద్దింటోళ్ళు అనేవాళ్ళం, బాగా రంగు తిరగాలి. మా నాయనకు ఆ రెంటికీ మధ్య. అవ్వ ఎవరి డబ్బా తీసుకున్నా మూత తీసి ఒకసారి వాసన చూసి, "ఇవి తడి తగిలినాయి కదమ్మా, ఎండలో పెట్టుకొని రాపో" అని వెనక్కి పంపేది. ఎంత పెద్దింటి మనిషైనా మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్ళేది. కూలి ఏమీ లేదు. మునక్కాయలో, మజ్జిగో, చింతపండో వచ్చేవి. ఆ ఒక్క మధ్యాహ్నం మా అమ్మ కూడా అవ్వ ముందు నిలబడే మాట్లాడేది. మిగతా వారమంతా వంటిల్లు అమ్మది, తాళాలు అమ్మవి. కుంపటి దగ్గర మాత్రం అవ్వ మాటే.

అవ్వకు ఉన్నదల్లా ఒకటే భయం, కుప్పం. మా చిన్నాయన అక్కడ రైల్వేలో పని చేసేవాడు. మంచివాడే, మా పిన్నమ్మ ఇంకా మంచిది. ఏడాదికోసారి అవ్వను పిలుచుకుపోయేవాళ్ళు. నాలుగో రోజుకు అవ్వ మూట కట్టుకుని వచ్చేసేది.

"ఆడ మంచం మీద కూర్సోబెట్టి పెడతారు పాపా" అని నాతో చెప్పేది. "కూర్సోని తినేది నాకు శాతకాదు. అట్ల తినేది రోగమొచ్చినోళ్ళు."

ఒక వానాకాలం అవ్వకు జ్వరం వచ్చింది. పది రోజులు పడుకుంది. లేచాక మళ్ళీ మామూలుగానే తిరుగుతున్నట్టు ఉండింది. ఒకనాడు వసారాలో రాగుల గంప వెనక ఎలుక చచ్చి ఇల్లంతా కంపు కొట్టింది. అమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని వెతుకుతోంది. అవ్వ ఆ గంపకు ఆనుకుని కూర్చుని తీరిగ్గా చెనిక్కాయలు ఒలుస్తోంది.

"అత్తా, నీకు వాసన రాలేదా?" అంది అమ్మ.

"జలుబు చేసుండాది" అంది అవ్వ.

జలుబు వారం దాటినా తగ్గలేదు. ఒంట్లో ఓపిక రానీ అంటూ అవ్వ కుంపటి కూడా రాజేయలేదు. నాకు అనుమానం వచ్చింది. ఆ వయసులో అనుమానం వస్తే ఊరుకోము కదా. ఆటకని చెప్పి అవ్వ కళ్ళు మూశాను. ముందు మల్లెపూలు చూపించి "ఇదేంది?" అన్నాను. "మల్లెపూలు" అంది. తలలో పెట్టుకోవడానికి అప్పుడే కోసుకొచ్చానని ఆమెకు తెలుసు. తర్వాత లాంతరు తుడిచే కిరసనాయిలు గుడ్డ పెట్టాను.

"మల్లెపూలే" అంది అవ్వ.

నేను నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, అవ్వ నా మణికట్టు పట్టుకునేదాకా. ఆ పట్టు చూసి భయమేసింది.

"ఎవురికీ సెప్పొద్దు" అంది మెల్లగా. "మీ నాయనకు తెలిసిందంటే కుంపటి ఆర్పించేస్తాడు. ఆ పని లేకుంటే నేనీడ యాల? కుప్పం పంపించేస్తారు పాపా. సెప్పొద్దు."

చెప్పనని ఒట్టు వేశాను. ఆ వచ్చే ఆదివారం నుంచే మా ఇద్దరి కాపురం మొదలైంది.

అవ్వ పిడి తిప్పుతుంటే నేను మోకాలు ఆనించి పక్కన కూర్చునేదాన్ని. వాసనలు ఎలా మారతాయో ఆమె చెప్పింది, నా ముక్కు నేర్చుకుంది. మొదట వానకు తడిసిన ఎండుగడ్డి వాసన. తర్వాత రాగులు వేగుతున్న వాసన. ఆ తర్వాత బెల్లం పాకం. పాకం దాటితే కొబ్బరి చిప్ప కాలినట్టు ఒక ఘాటు. పాకానికీ కొబ్బరి చిప్పకూ మధ్య ఉండేది ఇరవై ముప్పై ఊపిర్లే. వీధిలో అందరి రుచులూ ఆ కాస్త సందులోనే ఉండేవి. సమయం రాగానే నేను అవ్వ మోకాలి మీద వేలు పెట్టేదాన్ని. అవ్వ చటుక్కున డబ్బా ఎత్తి గింజల్ని చాటలో పోసేది. గాలికి చెరుగుతుంటే పొట్టంతా నా తల మీద పడేది.

ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పలేదంటే, ఒకసారి నేనే తప్పించాను. బడిలో టీచరమ్మ నా చెవి మెలిపెట్టిందని, ఆమె గింజలకు కావాలని నాలుగు ఊపిర్లు ఆలస్యంగా వేలు పెట్టాను. మూడో రోజు ఆమె వచ్చి, "ఈసారి కాఫీ ఎంత బాగుండాదో అవ్వా, ఎప్పుడూ ఇట్లే వేయించు" అంది. అప్పటి నుంచి ఆమె రుచి మారిపోయింది.

అందరూ "మనవరాలు అవ్వను ఒక్క నిమిషం వదలదు" అని మెచ్చుకునేవాళ్ళు. పని అయ్యాక అవ్వ నాకు అర గ్లాసు బెల్లం కాఫీ ఇచ్చేది. చిన్నపిల్లలు కాఫీ తాగకూడదని అమ్మ తిట్టేది కాబట్టి ఆవు వెనక నిలబడి తాగేదాన్ని. పాలు విరిగాయేమో, పప్పు అడుగంటిందేమో నేనే ముందు పసిగట్టి అవ్వకు సైగ చేసేదాన్ని. చాలా గొప్పగా ఉండేది నాకు.

ఆ గొప్ప నాలుగు నెలలే. తర్వాత విసుగొచ్చింది. నిజం నిజంగానే చెప్పాలి. ఆదివారం వస్తే ఆట లేదు, ఎవరింటికీ పోవడం లేదు. నాకు జలుబు చేస్తే అవ్వకు కాళ్ళు చేతులు ఆడవు. మిరియాల కషాయం పట్టుకుని నా వెంట తిరిగేది. పదేళ్ళ పిల్ల ముక్కు మీద ఒక ముసలామె బతుకు నిలబడితే, ఆ బరువు పిల్లకు తెలియకుండా ఉండదు.

ఇంతలో మిద్దింటోళ్ళ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. కలికిరి నుంచి మగపిల్లవాడి తరఫు వాళ్ళు వచ్చి వక్కాకు తాంబూలాలు మార్చుకుంటారు. ముందురోజు మధ్యాహ్నం మూడు శేర్ల గింజలు వేయించి ఇవ్వాలి. ఆ వారమే చిన్నాయన తన ఇద్దరు పిల్లల్ని తీసుకుని కుప్పం నుంచి వచ్చాడు. పిల్లలందరినీ మదనపల్లెకు సినిమాకు తీసుకుపోతామని నాయన, చిన్నాయన మాట అనుకున్నారు. అదే రోజు. పన్నెండు గంటల బస్సు.

నేను కొత్త ఆకుపచ్చ పావడా వేసుకున్నాను. జడకు రిబ్బన్ కట్టించుకున్నాను. వాకిట్లోకి వచ్చేసరికి అవ్వ నాయనతో మాట్లాడుతోంది.

"పాపకు కడుపునొప్పంట. బస్సులో కక్కుతాది. దాన్ని ఈడనే ఉండనీ."

నాయన నన్ను చూశాడు. "అవునా పాపా?"

నేను అవ్వను చూశాను. ఆమె కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. తలూపాను. అమ్మ వెంటనే వాము కషాయం తెచ్చింది. అందరి ముందూ గ్లాసెడు తాగాను. చిన్నాయన పిల్లలు ముఖాలు చిట్లించి నవ్వుతూ బస్సుకు వెళ్ళిపోయారు. నేను లోపలికి వెళ్ళి పావడా విప్పి మడత పెట్టాను.

పెరట్లో అవ్వ కుంపటి రాజేసి పిలిచింది. "రేపు నీకు రెండు గ్లాసులు బెల్లం కాఫీ ఇస్తాలే" అంది. ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. సినిమాకు బదులు కాఫీ అట.

పక్కన కూర్చున్నాను. గింజలు పోసింది, మూత వేసింది, తిప్పింది. ఎండుగడ్డి వచ్చింది. రాగులు వచ్చాయి. పాకం వచ్చింది. నా చేయి నా ఒడిలోనే ఉంది. ఈపాటికి వాళ్ళు సినిమా హాలు బయట సోడా తాగుతూ ఉంటారు అనుకున్నాను.

"వచ్చిందా పాపా?" అంది అవ్వ.

"ఇంకా లేదవ్వా."

అవ్వ తిప్పుతూనే ఉంది. కొబ్బరి చిప్ప ఘాటు వచ్చింది. అది కూడా దాటింది.

"ఇంతసేపు పట్టదే. సరిగ్గా సూడు."

"ఇంకా లేదంటాండాను కదా."

గాలి వంటింటి వైపు తిరిగింది. లోపల నుంచి అమ్మ అరిచింది. "అత్తా, ఏందో మాడతాండాది."

అవ్వ చేయి ఆగిపోయింది. డబ్బా ఎత్తి చాటలో పోసింది. మూడు శేర్ల గింజలు నల్లగా, నూనె కక్కుతూ పడ్డాయి. ఆమె గింజల్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

సరిగ్గా అప్పుడే మిద్దింటామె డబ్బా పట్టుకుని పెరట్లోకి వచ్చింది. చాట చూసి నిలబడిపోయింది.

"ఇదేందవ్వా? రేపు వియ్యంకులకు ఈ బొగ్గుల కాఫీనా ఇచ్చేది?"

అవ్వ చేతులు తుడుచుకుని లేచింది. "తప్పు నాదేనమ్మా. జొరం వచ్చి లేసినప్పటి నుంచి నాకు వాసన తెలీదు. ముక్కు పోయింది. ఎవురికీ సెప్పకుండా దాచిపెట్టుకొంటి" అంది. నా పేరు ఎత్తలేదు.

అమ్మ మా డబ్బాలో మిగిలిన పొడి అంతా వాళ్ళకు పోసి పంపింది. అది చాలక వాళ్ళు అంగట్లో పొడి కొనుక్కున్నారు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది.

దీపాలు పెట్టే వేళకు సినిమా నుంచి వాళ్ళు వచ్చారు. పిల్లలు ఇంకా పాటలు పాడుతూనే ఉన్నారు. అమ్మ విషయం చెప్పగానే నాయన చొక్కా కూడా విప్పకుండా వసారాలో కూర్చుండిపోయాడు.

"ఆరు నెలలు యాల చెప్పలేదుమా?" అన్నాడు అవ్వతో.

అవ్వ కొంగుకు అంటిన మసి దులుపుకుంటోంది.

"నాకు భయంగా ఉండాది" అంది అమ్మ. ఆమె నిజంగానే ఏడుస్తోంది. "పొద్దుకు పదిసార్లు పొయ్యి దగ్గరికి పోతాది. కొంగు అంటుకున్నా తెలీదు గదా. కిరసనాయిలు ఒలికినా తెలీదు. పిల్లలుండే ఇల్లు."

చిన్నాయన ముందుకు జరిగి, "నేను పిలుచుకుపోతా అన్నా" అన్నాడు. "మా ఇంట్లో పొయ్యి జోలికి పోయే పనే లేదు. కాలు మీద కాలేసుకొని కూర్చుంటాది."

అవ్వ గోడకు ఆనుకుని నావైపే చూస్తోంది. నేను స్తంభం వెనక నిలబడి ఉన్నాను. ముక్కు లేని మనిషి ఆరు నెలలు మాడకుండా ఎలా వేయించిందని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఈ 'ఏమో' నాతోపాటు ముసలిదైంది.

మూడో రోజు అవ్వ కుప్పం వెళ్ళిపోయింది. ఇనుప డబ్బా అటక ఎక్కింది. ఆ పై వారం నుంచి మా ఇంటికీ అంగడి పొడే వచ్చింది. నాయన మొదటి గ్లాసు సగం తాగి, కింద పెట్టి, పొలానికి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం సెలవులకు నన్ను కుప్పం పంపారు. రైల్వే క్వార్టర్స్‌లో వరుసగా ఇళ్ళు, ముందు సన్నటి వరండా. అవ్వ ఆ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. చుట్టుపక్కల వాళ్ళంతా అరవం మాట్లాడేవాళ్ళు. వాళ్ళు నవ్వితే అవ్వ కూడా నవ్వేది. పిన్నమ్మ వేళకు కాఫీ ఇచ్చేది, వేళకు అన్నం పెట్టేది. నేను చూస్తుండగానే ఒకసారి చాట తీసుకుని బియ్యం చెరగబోతే, "నీకెందుకత్తా ఈ పని, కూర్చో" అని ప్రేమగా లాక్కుంది. అవ్వ వెళ్ళి మళ్ళీ మంచం మీద కూర్చుంది. చిక్కిపోలేదు, జబ్బేమీ లేదు. కానీ రైలు పోతుంటే తలెత్తి చూడటం కూడా మానేసిన మనిషిలా ఉంది.

ఆ మాటను వారం రోజులు నోట్లో పెట్టుకుని తిరిగాను. ఒక మధ్యాహ్నం పిన్నమ్మ పడుకున్నప్పుడు చెప్పేశాను.

"అవ్వా, ఆ పొద్దు నాకు వాసన వచ్చింది. కోపంతో చెప్పలేదు."

"తెలుసు" అంది అవ్వ.

"తెలిస్తే నాయనతో యాల చెప్పలేదు?"

"పెద్దదాన్ని. ఇంత పిల్ల మీద సాడీ సెప్పి ఇంట్లో సోటు నిలబెట్టుకొనేదా?"

నాకు కొంచెం ప్రాణం తేలికైంది. కోపం లేదు కదా అనుకున్నాను. అవ్వ నా ముఖం చూసి అది కనిపెట్టింది.

"మాడిపిచ్చినదానికి నాకు బాధ లేదు" అంది. "నీకు సినిమా పోగొట్టినా, నీతో అబద్ధం ఆడిపిచ్చినా. దానికీ దీనికీ సరిపాయ. నా బాధ ఆ సాయంత్రానిది. అందురూ కూర్సోని నన్ను పంపే మాట మాట్లాడినారే, అప్పుడు నువ్వు స్తంభం ఎనకాల ఉంటివి. నేను నీ పక్కే సూస్తా ఉంటి. 'ఆరు నెల్లు మేమిద్దరమే సేసినాము, ఒకసారి కూడా మాడలేదు, ఈ పొద్దు నేనే కావాలని మాడిపిచ్చినా' అని నువ్వొక్క మాట అనింటే, మీ నాయన నిన్ను ఒక దెబ్బ కొట్టుండును. నన్ను మాత్రం పంపేవాడు కాదు. ముసలిదానికి పిల్ల తోడుండాది కదా, సాగనీలే అనుకొనుండును. ఆ మాట నేను సెప్పేది కాదు పాపా. నువ్వు సెప్పాల్సింది."

నేను ఏడ్చాను. అవ్వ ఓదార్చలేదు. కాసేపు చూసి, "ఏడిసి ఏం సేస్తావు. ఇట్లా రా, తలంతా సిక్కు పడుండాది" అని ముందు కూర్చోబెట్టుకుంది. చిక్కు తీస్తూ ఉంది. నేను వెనక్కి తిరగకుండానే అడిగాను.

"ఇప్పుడు చెప్తే?"

దువ్వెన ఆగింది. "సెప్పి సూడు" అంది.

నాలుగో రోజు నాయన నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. అవ్వ ఆ రోజు పొద్దున్నే తలంటుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. తన రెండు చీరలూ మడిచి దిండు పక్కన పెట్టుకుంది. పిన్నమ్మ అడిగితే "ఊరికేలే" అంది. నాయన భోంచేశాడు, చిన్నాయనతో వానల గురించి మాట్లాడాడు, అవ్వ పక్కన మంచం మీద కూర్చుని ఆమె కాళ్ళు కాసేపు ఒత్తాడు. అవ్వ నాయన వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది. నేను నా బట్టల సంచి సర్దుతూ ఉండిపోయాను. దెబ్బకు కాదు భయం. అవ్వను నేనే పంపేశానని తెలిశాక నాయన నన్ను ఏ కళ్ళతో చూస్తాడోనని. బస్సు వేళయింది. అవ్వ వాకిలి దాకా వచ్చి నా తల నిమిరి, "పొయ్యిరా పాపా" అంది.

ఇప్పుడు నాకు అప్పటి అవ్వ వయసు. మంచం మీద కూర్చుని ఉంటే మా అబ్బాయి అన్నీ దగ్గరికే తెచ్చిపెడుతున్నాడు, ఆ సుఖం ఎంత బరువో తెలుస్తోంది. పదేళ్ళ పిల్లను క్షమించేయొచ్చు అని ఎన్నోసార్లు అనుకున్నాను. చేత కాలేదు.

ఆ రోజు బస్సులో నాయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వి.కోట దాటాక మెల్లగా అడిగాడు.

"పాపా, అవ్వ నీతో ఏమన్నా అనిందా? ఇంటికి వస్తానని కానీ? ఒక్క మాట అనుంటే సాలు, మలుపుకొని పోయి పిలుచుకొచ్చేస్తా. ఆమె లేక ఇల్లు ఇల్లు మాదిరి లేదు."

"లేదు నాయనా" అన్నాను. "ఆడనే బాగుండాదంట."

ఆయన పలమనేరులో దిగి నాకు రెండు అరటిపళ్ళు కొనిచ్చాడు. చెప్పాలనుకుంటే పుంగనూరు దాకా ఇంకా గంట సమయం ఉండింది. నేను అరటిపళ్ళు తిన్నాను. ఆ చలికాలంలో అవ్వ కుప్పంలోనే పోయింది.